సముద్రం పడని పిల్ల

మా నాన్న చెయ్యి అందించి పడవ ఎక్కించిన మొట్టమొదటి ఆడమనిషి టాంజానియా నుంచి వచ్చింది. పేరు రెహెమా. నేను సీసాల పెట్టె మోసుకొచ్చి జెట్టీ అంచున నిలబడి చూశాను. ఆ చెయ్యి నాకెప్పుడూ అందలేదు. నేను ఆయన కన్నకూతుర్ని.

అది ఎనభై రెండో సంవత్సరం, మార్చి నెల. మా యూనివర్సిటీలో సముద్ర జీవుల మీద పరిశోధన చేసే డిపార్ట్‌మెంట్‌కి ఒక ఇంజను పడవ ఉండేది. దానికి మా నాన్న అప్పలసూరి సరంగు. చుక్కాని ఆయన చేతిలో ఉంటుంది, పడవ ఎటు పోవాలో ఆయన చూసుకుంటాడు. నేను అదే డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ స్కాలర్ని. జాలరిపేటలో పుట్టి ఎమ్మెస్సీ చదివిన మొదటి ఆడపిల్ల పైడితల్లేనని మా వీధిలో గొప్పగా చెప్పుకునేవారు. నీళ్లలో తేలుతూ బతికే, కంటికి ఆనీ ఆనని రొయ్య పిల్లల మీద నా పరిశోధన. ఏ లోతులో ఎన్ని ఉంటాయి, ఎండలు ముదిరేకొద్దీ అవి పైకొస్తాయా, కిందికి పోతాయా అన్నది నేను తేల్చాలి. తేల్చాలంటే సముద్రం మీదికి పోయి, సన్నటి గుడ్డతో కుట్టిన వల లోతుకి దింపి, వాటిని పట్టాలి. నన్ను పడవ ఎక్కనివ్వరు. ఆడమనిషి పడవెక్కితే గంగమ్మ తల్లికి కోపం వస్తుందట.

అందుకని మగ స్కాలర్లు వెళ్లి పట్టి, ఫార్మలిన్‌లో ముంచి, సీసాల్లో తెచ్చి నా బల్ల మీద పెట్టేవాళ్లు. నేను మైక్రోస్కోపు కింద వాటిని లెక్కపెట్టేదాన్ని. చచ్చి, తెల్లగా పాలిపోయి, కాళ్లు ముడుచుకుని ఉండేవి. అలా ఐదేళ్లు గడిపాను. నా ఫెలోషిప్‌కి అదే ఆఖరి ఏడు, అదే ఆఖరి వేసవి.

ఆ రోజు జెట్టీ మీద హడావుడి ఇంతా అంతా కాదు. మా ప్రొఫెసర్ భీమశంకరరావుగారు సూటు వేసుకొచ్చారు. ఆయన వెంట పేపరు ఫొటోగ్రాఫరు. పడవ ముక్కుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. శిక్షణ కోసం మా దగ్గరికి వచ్చిన విదేశీ ఫెలోలు ముగ్గురు. సూడాన్ ఆయన ఎక్కాడు, శ్రీలంక ఆయన ఎక్కాడు. రెహెమా దగ్గరికి వచ్చేసరికి మా నాన్న తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని మరీ ముందుకి చాచాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఎక్కి, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"నువ్వు రావా? మాకు నేర్పింది నువ్వే కదా?" అని ఇంగ్లీషులో అడిగింది.

నేను నోరు తెరిచేలోగా ప్రొఫెసర్‌గారు నవ్వారు. "ఆమెకి సముద్రం పడదు. పడవెక్కితే చాలు, వాంతులు" అన్నారు. అందరూ జాలిగా నావైపు చూశారు. ఆయన అంతటితో ఊరుకోలేదు. తెలుగులోకి దిగి మా నాన్నని అడిగారు. "ఏం అప్పలసూరీ, మీ అమ్మాయికి సముద్రం పడదు కదూ?"

నాన్న లంగరు తాడు వంక చూశాడు.

"అలగే బాబూ" అన్నాడు.

జాలరి సరంగు కూతురికి సముద్రం పడదట! నాకు ఒళ్లు మండిపోయింది. పెట్టె ప్రొఫెసర్‌గారి నెత్తిన కుమ్మరించాలనిపించింది. ఇంజను మోత మొదలైంది. పెట్టె అర్జునరావు అందుకున్నాడు. వాడూ నేనూ ఒకే ఏడు చేరాం, నా సీసాలు నింపుకొచ్చేది వాడే. పడవ పోయేదాకా నిలబడి, బస్సెక్కి డిపార్ట్‌మెంట్‌కి పోయాను.

ఆ ముగ్గురికీ పని నేర్పింది నిజంగా నేనే. దానికి ముందు వాళ్లకి స్వాగతం పలికింది కూడా నేనే. "స్వాగతమంటే స్త్రీల చేతి మీదుగా ఉండాలి" అని ప్రొఫెసర్‌గారు సెలవిస్తే, బంతిపూల దండలు పట్టుకుని రైల్వేస్టేషన్లో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పడిగాపులు పడ్డాను. హౌరా మెయిలు దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చింది. పూర్ణా మార్కెట్‌కి పోయి దుప్పట్లు, దోమతెరలు, బకెట్లు, చెంబులు కొన్నాను. సూడాన్ ఆయనకి హలాల్ తిండి కావాలంటే, పాతపట్నంలో మా పడవ ఇంజను డ్రైవరు నజీర్ అహ్మద్ ఇంటి నుంచి క్యారేజీ ఏర్పాటు చేశాను. చెంబులు కొనుక్కురమ్మని అర్జునరావుకి ఎవరూ చెప్పలేదు.

స్వాగతాలు అయ్యాక శిక్షణ. డిపార్ట్‌మెంట్ వెనక ఒక సిమెంటు తొట్టి ఉండేది. పై అంతస్తు వరండాలోంచి తాడు కట్టిన వలని ఆ తొట్టిలోకి దింపించేదాన్ని. సముద్రం మీద పడవ ఒకచోట కుదురుగా ఉండదు, గాలికి జరుగుతుంది. పడవ జరిగితే తాడు నిటారుగా దిగదు, వాలిపోతుంది. యాభై మీటర్ల తాడు వదిలినంత మాత్రాన వల యాభై మీటర్ల లోతుకి పోయినట్టు కాదు. ఆ వాలు కొలిచి, ఇంకా ఎంత తాడు వదలాలో లెక్క కట్టాలి. ఇది అర్థమయ్యేందుకు సూడాన్ ఆయన్ని తాడు పట్టుకుని వరండా పొడుగునా నడిపించేదాన్ని. ఆయనే పడవ, ఆయనే గాలి. కింద బీయస్సీ పిల్లలు గుమిగూడి నవ్వేవారు. ప్రొఫెసర్‌గారు కిటికీలోంచి తొంగిచూసి "వెరీ గుడ్" అని తల లోపలికి తీసుకునేవారు.

"నిజం సముద్రంలో ఎంత వాలుతుంది?" అని రెహెమా ఒకసారి అడిగింది.

"ప్రొఫెసర్‌గారిని అడుగు" అన్నాను. ఆమె ప్రశ్న నాకు ముల్లులా గుచ్చుకుంది.

మొదటి ట్రిప్ అయిన సాయంత్రం రెహెమా తిన్నగా ల్యాబుకి వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. మొహం నిండా ఉప్పు. సీసాలు నా బల్ల మీద పెట్టి కూర్చుంది. నవ్వలేదు.

"పైడీ, వీటి మీద రాసిన లోతులు నమ్మకు" అంది.

పడవ హార్బరు దాటగానే డాల్ఫిన్ నోస్ కొండ చాటుకి తిరిగిందట. అక్కడ నీళ్లు కదలవు. లంగరు వేశారు, క్యారేజీలు విప్పారు. భోజనాలయ్యాక వల ఒక్కసారి దింపారు. అది అడుగుకి తగిలి బురదతో సహా వచ్చింది. అందులో పడ్డదాన్ని అర్జునరావు సీసాలన్నిటిలోకీ పంచి, ఒకదాని మీద ఇరవై మీటర్లని, ఒకదాని మీద నలభై అని, ఇంకోదాని మీద అరవై అని రాసి మూతలు బిగించాడు. ఇదేమిటని ఆమె అడిగితే ఈ రోజు గాలి బాగాలేదన్నాడు. ఆమె నమ్మలేదు. ఇంజను దగ్గరికి పోయి నజీర్‌ని అడిగింది. ఓడల వాళ్లతో మాట్లాడి నేర్చుకున్న ఇంగ్లీషులో నజీర్ ఉన్న మాట చెప్పేశాడు. ఎప్పుడూ ఇక్కడే మేడమ్, ఇంకెక్కడికీ పోము, అని.

నేను లేచి అల్మారా తలుపు తెరిచాను. ఐదేళ్ల సీసాలు వరసగా ఉన్నాయి. అన్ని లోతుల్లోనూ అంకెలు ఒకేలా ఎందుకొస్తున్నాయా అని బుర్ర బద్దలు కొట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. దానికి కారణాలు వెతికి, ఉప్పు అనీ వేడి అనీ ఏవేవో తవ్వి తీసి, ఏకంగా ఒక అధ్యాయమే రాశాను. ప్రొఫెసర్‌గారు అది చదివి చాలా ఒరిజినల్‌గా ఉందన్నారు. కొండ చాటు నీళ్లు, భోజనాల తర్వాతి నీళ్లు. నా కళ్లు పోగొట్టుకున్నది వాటి కోసం.

చుక్కాని పట్టుకుని ఆ చాటుకి తిప్పింది ఎవరో రెహెమా చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

ఇంటికి వెళ్లేసరికి నాన్న వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. మా అమ్మ గంగాలమ్మ గుమ్మం పక్కన కూర్చుని అడ్డపొగ పీలుస్తోంది. మావైపు ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ మా అమ్మ మాట్లాడదు.

"డాల్ఫిన్ నోస్ సాటున లంగరేసి నా సీసాలు నింపుతన్నారా?" అన్నాను.

"ఎవులు సెప్పినారు?"

"అవునా, కాదా?"

"అర్జునరావు బాబు ఆపమన్నకాడ ఆపుతాను. సీసాల మీద ఏటి రాత్తారో నాకేటి తెలుసు?"

"అయి నా కోసమని తెలీదేటి నీకు?"

"తెలుసు."

"మరి?"

"మరేటి? ఆళ్లు సదువుకున్నోళ్లు. సరంగుగోణ్ని నానేటి సెప్పగల్ను?" అని చెంబు కింద పెట్టాడు.

"ఆవిడకి సెయ్యి తుడుసుకుని మరీ అందించినావు. మరి తల్లికి కోపం రాదేటి?"

"ఆవిడ పైదేశం మనిషే. మన కట్టుబాటు ఆవిడకేటి? తల్లి ఆవిడ్ని అడగదు. నువ్వు నా ఇంటి ఆడపిల్లవి. నువ్వెక్కితే తల్లి నన్నడుగుతాది. రేపు ఏ తెప్ప మునిగినా పేటంతా నన్నడుగుతాది."

"నువ్వే ఒద్దన్నావని ప్రొఫెసరుగారు ఐదేళ్ల నుంచి సెప్తన్నారు."

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "ఆయన నన్నడిగిందెప్పుడు? నాను ఒద్దన్నదెప్పుడు? ఒక్కనాడూ అడగనేదు."

"అడిగితే ఎక్కించీవోడివా?"

మా నాన్నకి అబద్ధం చెప్పడం చేతకాదు, అదే నా ఖర్మ.

"ఒద్దనే అందును" అన్నాడు.

ఆ మాటతో నేను ఆయనతో మాటలు మానేశాను. ఆయన కూర్చున్న చోట కూర్చోలేదు. ఆయనకి కంచం పెట్టలేదు. సముద్రం నుంచి వస్తూ ఆయన తెచ్చిన చేప ముట్టలేదు. గుమ్మంలో ఎదురైతే గోడవైపు తిరిగేదాన్ని.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్‌గారి గదికి పోయాను.

"వచ్చే ట్రిప్‌కి నేను వెళ్తాను సర్."

"కూర్చోమ్మా. మీ నాన్నగారి సంగతి నీకు తెలియనిదా? తరతరాల ఆచారం. సైంటిస్టులం కదా అని మనం అహంకారంతో తోసిపుచ్చకూడదు. గౌరవించాలి."

"మీరు ఎప్పుడూ అడగలేదని ఆయన అంటున్నారు."

"అడిగి పెద్దమనిషిని ఇరుకున పెట్టడం నాకిష్టం లేదు."

"మరి నాకు సముద్రం పడదని ఎందుకు చెప్పారు సర్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "విదేశీయుల ముందు మన మూఢనమ్మకాలు ఏకరువు పెట్టమంటావా? దేశం పరువు కూడా చూసుకోవాలి కదమ్మా!"

నా ముందు ఆచారం, వాళ్ల ముందు మూఢనమ్మకం. రెండింటికీ ఒడ్డున నిలబడాల్సింది నేనే. సీసాల సంగతి చెప్పాను. కొండ చాటు, క్యారేజీలు, అన్నీ. ఆయన మొహంలో ఆశ్చర్యం కనిపిస్తుందేమోనని వెతికాను. కనబడలేదు.

"కుర్రాళ్లు" అన్నారు. "చూడు, నీకు ఇదే ఆఖరి ఏడు. ఇప్పుడు ఇవన్నీ తవ్వుకుంటే ఎలా? ఉన్న అంకెలతో రాసెయ్. నేను సంతకం పెడతాను. దీపావళికల్లా నువ్వు డాక్టర్ పైడితల్లివి."

నేను లేచాను.

"విదేశీ ఫెలోల ఫేర్‌వెల్‌కి దండలు మర్చిపోకు" అన్నారు వెనకనుంచి.

రాయకపోతే ఇంటికి పోయి అమ్మ వెనక చేపల తట్ట మోసుకోవాల్సి వస్తుందని ఆయన అనలేదు. అది నాకు తెలుసని ఆయనకి తెలుసు. ఐదేళ్ల అబద్ధం మీద పేరు రాసుకుని డాక్టర్ని కావాలి, లేదా ఈ వేసవి దాటేలోగా పడవెక్కాలి. మూడో దారి లేదు. రెహెమా తను వెళ్లి నిజమైన లోతుల్లో పట్టి తెస్తానంది. వద్దన్నాను. మళ్లీ ఇంకొకరు తెచ్చిచ్చిన సీసాలు నేను నమ్మాలా? ఆమె మంచిదే. నా కోపానికి మంచిచెడ్డలు తెలియలేదు.

ఏప్రిల్ ఎండలు వచ్చాయి. అడుగునున్న చల్లటి నీళ్లు పైకి తేలే కాలం అది, రొయ్య పిల్లలు కోట్లల్లో ఉండే కాలం. పడవ వారం వారం పోయి కొండ చాటు నుంచి తిరిగొస్తోంది. నేను వరండాలో తాడు పట్టుకుని సూడాన్ ఆయన్ని నడిపిస్తూనే ఉన్నాను.

ఒక ఆదివారం రెహెమా మా ఇంటికి వస్తానంటే పేటకి తీసుకొచ్చాను. నాన్న ఇసకలో వలలు ఆరేసే చోటికి పోయాడు. అమ్మ నెత్తళ్ల చేపల పులుసు పెట్టింది. రెహెమా చాప మీద కూర్చుని, చేత్తో కలుపుకుని, ముల్లు నోట్లోనే వేరు చేసి కంచం అంచున పేర్చింది. అమ్మ చుట్ట తీసి మురిసిపోయింది.

"ముల్లు తియ్యడం సూడే! మన పేట గుంటలాగే ఉన్నాది" అంది.

మా పేట పిల్లలాగే ఉన్నావంటోందని నేను ఇంగ్లీషులో చెప్పాను. రెహెమా నవ్వి తన సంగతి చెప్పుకొచ్చింది. వాళ్లదీ సముద్రం ఒడ్డే. వాళ్ల చిన్నాన్నకి తెరచాప పడవ ఉంది. ఆడవాళ్లు పోటు తగ్గాక రాళ్లలో గవ్వలూ పీతలూ ఏరుకోవచ్చు. పడవ మాత్రం ఎక్కకూడదు. చదువుకుని ఆఫీసరైనా ఆమెని కూడా ఎక్కనివ్వలేదట.

"మీ నాన్న చెయ్యి చాచేసరికి నేను నమ్మలేకపోయాను. ఇక్కడి ఆడవాళ్లు ఎంత అదృష్టవంతులో అనుకున్నాను" అంది. "తర్వాత తెలిసింది. నేనిక్కడ ఎవరి కూతుర్నీ కాదు. అందుకే ఎక్కించారు."

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంటూ, "అది సరే గానీ, నీకు సముద్రం కూడా పడదటగా, అల్లం నమిలి చూశావా? మా దగ్గర సముద్రం పడనివాళ్లకి అదే ఇస్తారు. ఒకసారి ప్రయత్నించు" అంది మామూలుగా.

"ఏటంటంది?" అని అమ్మ అడిగింది.

"సముద్రం పడకపోతే అల్లం నమలమంటంది."

"ఎవులికి పడదు?"

"నాకు. ప్రొఫెసరుగారు జెట్టీ మీద అందరికీ సెప్పినారు."

అమ్మ చుట్ట చేత్తో పట్టుకునే అడిగింది. "మీ నాన్న అక్కడ నేడేటి?"

"ఉన్నాడు."

"ఏటన్నాడు?"

"అలగే బాబూ అన్నాడు."

అమ్మ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంది. లేచి రెహెమా కంచంలో ఇంకో గరిటెడు పులుసు పోసింది.

ఆఖరి ట్రిప్ ఏప్రిల్ నెలాఖరున పడింది. ప్రొఫెసర్‌గారు మళ్లీ సూటులో వచ్చారు, ఫొటోగ్రాఫరూ వచ్చాడు. జెట్టీ మీద గ్రూప్ ఫొటో తీసుకుని, వాళ్లని సాగనంపి వెనక్కి పోవడం ఆయన ప్లాను. ఫొటోలో నన్ను చివర నిలబెట్టారు, చేతిలో సీసాల పెట్టెతో.

హార్బర్లో చేపల వేలంపాటలు సాగే వేళ అది. వేలంలో చేపలు కొనుక్కోవడానికి వచ్చిన ఆడవాళ్లతో అటువైపంతా కిటకిటలాడుతోంది. మా అమ్మ రోజూ వచ్చేదే. ఆ రోజు తట్ట నిండా చేపలతో తిన్నగా మా జెట్టీ మీదికి నడిచి వచ్చింది. తట్ట దించింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది. జెట్టీకి వేలాడదీసిన టైరు మీద కాలు పెట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పడవ ఎక్కేసింది.

"ఒలే! ఏటిది? దిగు!" అని నాన్న కేక పెట్టాడు.

అమ్మ పడవ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. ఆ పొద్దున పడవ ముక్కుకి పెట్టిన కుంకుమ వేలికి అద్దుకుని బొట్టు పెట్టుకుంది. అప్పుడు నోట్లోంచి చుట్ట తీసింది.

"ఎక్కీసినాను మావా. ఆవిడంటే పైదేశం మనిషన్నావు. మరి నాదే దేశమో సెప్పు. తల్లికి కోపమొత్తే ముందు నామీదొత్తాది, నాను పడతాను. పేట అడిగితే నా పేరు సెప్పు. ఇంక ఈ గుంట ఎక్కితే ఏటి, ఎక్కకపోతే ఏటి?"

అమ్మ ప్రొఫెసర్‌గారి వైపు తిరిగింది.

"బాబూ, నా కూతురికి సముద్రం పడదన్నారట. పేగు తెంచుకుని దాన్ని కన్నదాన్ని నాను. నాకు తెల్నిది తవరికెలగ తెలిసింది?"

"అది కాదు గంగాలమ్మా... ఇది గవర్నమెంటు పడవ... రూల్సు..." అని ప్రొఫెసర్‌గారు నీళ్లు నమిలారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తడం చూసి ఆయన గొంతు తగ్గించేశారు. రెహెమా వచ్చి నా చేతిలోంచి పెట్టె అందుకుని పడవలో పెట్టింది. అమ్మ దిగి, తట్ట నెత్తికెత్తుకుంది.

"బేరం టైమైపోతంది" అని పూర్ణా మార్కెట్‌కి వెళ్లిపోయింది.

నాన్న పడవ అంచుకి వచ్చి నాకు చెయ్యి చాచాడు. అదే చెయ్యి. నేను పట్టుకోలేదు. టైరు మీద కాలు వేసి, తాడు పట్టుకుని నేనే ఎక్కాను. మోకాలు చీరుకుపోయింది.

హార్బరు మూతి దాటాక పడవ కొండ చాటుకి తిరగలేదు. తిన్నగా తూర్పుకి పోయింది. దూరంగా పోర్టులోకి పిలుపు కోసం ఎదురుచూస్తూ ఆగిన ఓడల్ని కూడా దాటిపోయాం. అర్జునరావు కంగారుపడ్డాడు.

"సరంగూ, ఎక్కడికి? ఇటు కాదు!"

"సీసాల మీద రాసినకాడికే ఎల్తన్నాను బాబూ" అన్నాడు నాన్న.

అక్కడ అలలు ఒడ్డున కనిపించే అలలు కావు. పడవ లేచి పడుతోంది. అంచు పట్టుకుని భళ్లున కక్కేశాను. పొద్దున తాగిన చద్దినీళ్లతో సహా అంతా పోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది కూడా ఇవాళే జరగాలా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"ప్రొఫెసర్‌గారు ఉన్నమాటే చెప్పారన్నమాట" అని అర్జునరావు పళ్లికిలించాడు.

"మొదట్రోజు నానూ కక్కినాను బాబూ" అన్నాడు నాన్న చుక్కాని దగ్గర నుంచి, నావైపు చూడకుండా. "ఎవులైనా కక్కుతారు. దానికి సముద్రం పడదని ఎవులన్నా అంటే అది అబద్దం."

ఇంజను దగ్గర నజీర్ గట్టిగా నవ్వాడు. "ప్రొఫెసర్ సాబ్ ఒక్కసారి ఎక్కారు, యాదుందా బావా? లంగరెత్తక ముందే దించమని గోల!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాన్న అన్న ఆ మాట మార్చి నెలలో, జెట్టీ మీద, అందరూ నావైపు జాలిగా చూస్తున్నప్పుడు కావాల్సింది నాకు. ఇప్పుడు, ఒడ్డు కనబడని చోట అంటే ఎవరికి కావాలి? మూతి తుడుచుకుని వల దగ్గరికి పోయాను.

రెహెమా తాడు వాలు కొలిచి కేకేసి చెప్పింది. చాలా వాలింది. వరండాలో సూడాన్ ఆయన ఎంత నడిచినా అంత వాలలేదు. లెక్క కట్టి ఇంకా తాడు వదిలాను. తాడు నా అరచేతుల్లోంచి కోసుకుంటూ పోయింది. ఆగాక, ఇద్దరం కలిసి పైకి లాగాం. వల చివరన కట్టిన సీసాని విప్పి, ఎండకి ఎత్తి పట్టుకున్నాను.

అవి కదులుతున్నాయి.

ఐదేళ్లుగా నాకు తెలిసిన పిల్లలవి. ఏ కాలికి ఎన్ని వెంట్రుకలుంటాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. తెల్లగా, ముడుచుకుని, ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. ఇవి తెల్లగా లేవు. వీటికి అసలు రంగే లేదు, అటువైపున్న నా వేళ్లు కనబడుతున్నాయి. నల్లటి చుక్కల్లాంటి కళ్లు. వెనక్కి వెనక్కి గెంతుతున్నాయి. నేను సీసా తిప్పితే, వెలుగు ఎటు పడితే అటు గుంపుగా పరిగెత్తాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒకదాని గుండె కొట్టుకోవడం కనబడింది.

నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, ఒక్క క్షణం. ఆ వెనకే కోపం పొంగుకొచ్చింది, అంతకు ముందున్నది దాని ముందు కోపమే కాదు. ఇవి ఇలా ఉంటాయని వీళ్లందరికీ తెలుసు. అర్జునరావు చూశాడు. నజీర్ చూశాడు. కొండ చాటునే అయినా, మా నాన్న ఐదేళ్లూ చూశాడు. ఒక్కడు కూడా ఇంటికొచ్చి, పైడీ, అవి వెలుగు వైపు పరిగెడతాయి అని చెప్పలేదు. చంపి, సీసాలో పెట్టి, లెక్కపెట్టుకోమని నాకిచ్చారు. ఒడ్డుకి పోగానే అల్మారాలో ఉన్నవన్నీ పారబోయాలి. ఆ అధ్యాయం చింపెయ్యాలి. తెల్లకాగితం మీద మొదటినుంచి మొదలుపెట్టాలి.

నాన్న చుక్కాని నజీర్‌కి అప్పగించి వచ్చాడు. ఫార్మలిన్ డబ్బా తెచ్చి, నా పక్కన నిలబడి మూత విప్పాడు. ఘాటుకి ఆయన కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ పని ఎప్పుడూ ఆయన చేతి మీదుగానే జరిగేదని నాకు అప్పుడే తెలిసింది.

"పొయ్యమంటావా?" అన్నాడు.

"ఆగు" అన్నాను.

మార్చి తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట అది. ఆయన డబ్బా పట్టుకుని, పడవ ఊగుతున్నా కదలకుండా నిలబడ్డాడు. నేను ఆయన్ని అలాగే నిలబెట్టి, సీసాలోకి తీరిగ్గా చూశాను.